పాత కారుకు కొత్త రంగు

విజయవాడలో ఆటోనగర్ ఉంది. లారీలు, బస్సులు, కార్లు బాగుచేసే షెడ్లు అక్కడ వందల్లో ఉన్నాయి. ఒక షెడ్డులో ఇంజను విప్పుతారు. ఒక షెడ్డులో బాడీ కడతారు. ఇంకో షెడ్డులో సీట్లు కుడతారు.

అలాంటి సీట్ల షెడ్డు ఒకటి సందు చివర ఉంది. అత్త, మామ, కోడలు ముగ్గురూ అందులో పని చేస్తారు. అత్త మిషను మీద రెక్సిన్ కుడుతుంది. మామ ముప్పై ఏళ్ళు సీట్లకు రంగు కొట్టాడు. ఇప్పుడు కొట్టడం లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. తలుపులు మూసిన షెడ్డులో, ముక్కుకు ఏ అడ్డూ లేకుండా అన్నేళ్ళు పని చేశాడు మరి. "ఇక రంగు వాసన దగ్గరకు పోవద్దు" అని డాక్టరు గట్టిగా చెప్పాడు.

కోడలు రెండేళ్ళ కిందట రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. షెడ్డు లెక్కలు ఇప్పుడు ఆమే రాస్తుంది. రంగు పని కూడా ఆమె చేతికే వచ్చింది.

మాస్టారి కారు

ఒకరోజు రిటైరైన మాస్టారు ఒకాయన తెల్ల అంబాసిడర్ కారులో వచ్చారు. అది 1978 మోడల్. ఆయన తండ్రి కొన్న కారు. ముందు సీటు పొడుగాటి బెంచీలా ఒకటే ఉంది. గేరు కర్ర స్టీరింగ్ పక్కనే ఉంది.

"అమ్మాయ్, వచ్చే నెల మా మనవరాలి పెళ్ళి. పెళ్ళికూతుర్ని ఈ కారులోనే తీసుకెళ్ళాలని మా ఇంటావిడ పట్టు. పైన బాగానే ఉంది. లోపల చూడు" అన్నారు మాస్టారు.

కోడలు తలుపు తీసి చూసింది. సీట్లు, తలుపుల ప్యాడ్లు, సన్ షేడ్లు అన్నీ మెరూన్ రంగు రెక్సిన్. ఎండకు కొన్నిచోట్ల వెలిసిపోయాయి. చేతులు ఆనే చోట నల్లగా జిడ్డు పట్టింది. వెనక సీటు అంచున జానెడు చిరుగు ఉంది.

"కొత్త రెక్సిన్ వేయించాలంటే చాలా ఖర్చవుతుంది. పైగా మా నాన్న కూర్చున్న సీటు. విప్పి పారేయడం ఇష్టం లేదు. రంగు మార్చవచ్చా? క్రీము రంగయితే బాగుంటుంది" అన్నారాయన.

కోడలు వెంటనే సరే అనలేదు. అందుకు కారణం ఉంది.

పోయిన వేసవిలో ఒక వ్యాను సీట్లకు ఆమే రంగు వేసింది. మామ చెప్పినట్టే వేసింది. ఇంటి తలుపులకు వేసే ఎనామిల్ రంగు అది. మొదటిరోజు సీట్లు మెరిసిపోయాయి. నెల తిరిగేసరికి రంగు పొలుసులు పొలుసులుగా లేచింది. ఎండలో జిగురైంది. కూర్చున్నవాళ్ళ చీరలకు, చొక్కాలకు అంటుకుంది. వ్యాను యజమాని వచ్చి నలుగురిలో నిలదీశాడు. తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చారు. రంగు ఖర్చు మీద పడింది.

మళ్ళీ అలా జరిగితే షెడ్డుకు ఎవరూ రారు.

"రెండు రోజులు టైమివ్వండి మాస్టారూ. కనుక్కుని చెబుతాను" అంది కోడలు.

రెక్సిన్ అంటే ఏమిటి?

షెడ్లలో అందరూ రెక్సిన్ అంటారు. కంపెనీలు వినైల్ అంటాయి. రెక్సిన్ అనేది మొదట ఇంగ్లండులో తయారైన ఒక సరుకు పేరు. తోలులా కనిపించే పూత గుడ్డ అది. ఆ పేరే మన దగ్గర ఇలాంటి గుడ్డలన్నిటికీ నిలిచిపోయింది.

ఇప్పటి రెక్సిన్ కు అడుగున గుడ్డ ఉంటుంది. పైన ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఆ ప్లాస్టిక్ పేరు పి.వి.సి. నీళ్ళ పైపులు కూడా పి.వి.సి.తో చేస్తారు. మరి పైపు గట్టిగా ఉంటుంది. రెక్సిన్ మెత్తగా ఉంటుంది. ఎందుకని?

రెక్సిన్ పూతలో నూనెలాంటి పదార్థం కలుపుతారు. పిండిలో నూనె వేస్తే రొట్టె మెత్తగా వస్తుంది. ఇదీ అలాంటిదే. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే ఆయన ఈ కిటుకు కనిపెట్టాడు.

కారు ఎండలో నిలిస్తే ఆ నూనె కొద్దికొద్దిగా పైకి వస్తుంది. వేసవిలో కారు ముందద్దానికి లోపలివైపు జిడ్డు మసక పడుతుంది. ఆ మసకలో కొంత ఈ నూనెదే. ఏళ్ళు గడిచేకొద్దీ రెక్సిన్ లో నూనె తగ్గుతుంది. అప్పుడు అది బిరుసెక్కి పగులుతుంది.

వ్యాను సీట్ల మీద ఎనామిల్ రంగు ఎందుకు ఊడిందో ఇప్పుడు తెలుస్తుంది. సీటు మీద మనిషి కూర్చుంటే రెక్సిన్ వంగుతుంది, సాగుతుంది. ఎనామిల్ అలా సాగదు. అందుకని పగిలింది. రెక్సిన్ లోంచి వచ్చిన నూనె ఆ రంగును మెత్తబరిచింది. అందుకని జిగురైంది.

డబ్బా మీద ఏముంది?

కోడలు రంగుల కొట్టుకు వెళ్ళింది. రెక్సిన్ కు వేసే రంగు వేరే ఉందని అక్కడ తెలిసింది. దాన్ని వినైల్ డై అంటారు. డై అన్నా అది చీరలకు వేసే అద్దకం లాంటిది కాదు. అద్దకం నూలులోకి ఇంకుతుంది. ఇది రెక్సిన్ పైన పలచటి పొరలా పట్టుకుంటుంది. రెక్సిన్ వంగితే ఆ పొర కూడా వంగుతుంది. నొక్కితే తుంపరగా వచ్చే డబ్బాల్లో కూడా ఇది దొరుకుతుంది.

కోడలు ఒక డబ్బా కొన్నది. దాని మీద రాసిందంతా ఇంగ్లీషు. ఆమెకు తెలుగే వచ్చు. కానీ అంకెలు కనబడ్డాయి. 15 అని ఒకచోట ఉంది. 24 అని ఒకచోట ఉంది. 50 అని ఇంకోచోట ఉంది. ఎర్ర గీతల డైమండు గుర్తులో మంట బొమ్మ ఉంది. ఇంకో గుర్తులో మనిషి ఛాతీ మీద తెల్లని చుక్కలాంటి బొమ్మ ఉంది. ఊరికే ఇన్ని రాయరు కదా అనుకుంది.

డబ్బా తీసుకుని మాస్టారి ఇంటికి వెళ్ళింది.

"మాస్టారూ, దీని మీద ఉన్నది మీరు చదివి తెలుగులో చెప్పండి. నేను రాసుకుంటాను."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క మాటా చదివారు. ఆమె నోటుపుస్తకంలో రాసుకుంది. మంట బొమ్మ ఉంటే త్వరగా అంటుకునే సరుకని అర్థం. ఛాతీ బొమ్మ ఉంటే ఒంట్లోకి పోయి పెద్ద జబ్బు తేగలదని అర్థం. 15 అంటే రెండు పూతల మధ్య 15 నిమిషాలు. 24 అంటే ఆరడానికి 24 గంటలు. 50 అంటే 50 డిగ్రీలు దాటిన వేడిలో డబ్బాను ఉంచకూడదు. అది పేలవచ్చు.

అక్కడే ఆమె ఇంకో మాట కూడా చెప్పింది.

"మాస్టారూ, క్రీము రంగు వద్దండి. ముదురు మీద లేత రంగు వేస్తే చాలా పూతలు కావాలి. పూత మందమైతే పగులుతుంది. రాసుకున్న చోట లోపలి మెరూన్ బయటపడుతుంది. ముదురు కాఫీ రంగు వేయించుకోండి. తక్కువ పూతల్లో కప్పుతుంది. గీసుకున్నా అంతగా కనబడదు."

మాస్టారు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

ఇంటికొచ్చాక అత్త అడిగింది. "క్రీము వేస్తే డబ్బు ఎక్కువ వచ్చేది కదే?"

"వచ్చేది అత్తయ్యా. పోయిన వేసవిలాగా తిరిగి ఇవ్వాల్సి వస్తే?"

అత్త మరి మాట్లాడలేదు.

మామ అనుభవం

మొదట సీటు అడుగున, ఎవరికీ కనబడని చోట, అరచెయ్యంత మేర సబ్బునీళ్ళతో కడిగింది కోడలు. ఆరాక రంగు వేసి ఒక రోజు ఆగింది. తర్వాత దాని మీద టేపు అంటించి, గట్టిగా ఒత్తి లాగింది. రంగు టేపుతో పాటే వచ్చేసింది!

కోడలు గుండె జారిపోయింది. డబ్బా మీద ఉన్నట్టే చేసింది. మరి తప్పు ఎక్కడ జరిగింది?

మామ బయట మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆ ముక్క తెమ్మని చూశాడు. రంగులో చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. చేపకళ్ళలా ఉన్నాయి.

"మెరుపు కోసం సీట్లకు పాలిషు పూస్తుంటారేమో అడుగు. పాలిషు పట్టిన చోట రంగు ఇలాగే విడిపోతుంది. ఉత్త సబ్బుకు అది పోదు" అన్నాడు.

మాస్టారిని అడిగితే నిజమే. కారు తుడిచే కుర్రాడు ఏళ్ళ తరబడి పాలిషు పూస్తున్నాడు. సీట్ల అంచుల మీదుగా అది కిందికి కూడా పాకింది. చాలా పాలిషుల్లో సిలికాన్ ఉంటుంది. అది ఉన్న చోట రంగు పట్టదు.

"అయితే టిన్నరుతో కడిగెయ్" అన్నాడు మామ.

"వద్దు మామయ్యా. టిన్నరు రెక్సిన్ పైపూతనే కరిగిస్తుందట. జిడ్డు, పాలిషు తీసే మందు వేరే ఉందని డబ్బా మీద రాసుంది."

"డబ్బా ఏం చెబుతుందే, నా చెయ్యి ముప్పై ఏళ్ళది" అని మామ విసుక్కున్నాడు. కాసేపాగి, "సరే, ముందు ఆ మందే వాడి చూడు" అన్నాడు.

ఆ మందుతో రెండుసార్లు తుడిచింది. తుడిచిన ప్రతిసారీ గుడ్డ మార్చింది. మళ్ళీ రంగు వేసి ఒక రోజు ఆగింది. టేపు లాగింది. రంగు రాలేదు. తడిపిన తెల్లగుడ్డతో రుద్దింది. గుడ్డకు అంటలేదు. వంచి చూసింది. పగల్లేదు. అప్పుడు పని మొదలుపెట్టింది.

పని ఎలా చేయాలి?

1. సీట్లు, ప్యాడ్లు, సన్ షేడ్లు కారులోంచి విప్పి బయటికి తీయాలి. ఏ బోల్టు ఎక్కడిదో కాగితం మీద రాసి, విడివిడిగా పొట్లాలు కట్టాలి.

2. సబ్బునీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో కడగాలి. రెక్సిన్ మీద తోలులాంటి సన్నగీతలు ఉంటాయి. మురికి వాటిలోనే దాక్కుంటుంది. తర్వాత జిడ్డు తీసే మందుతో తుడవాలి.

3. మెత్తటి రుద్దుడు పీచుతో తేలిగ్గా రుద్దాలి. గిన్నెలు తోమే పచ్చపీచు వాడకూడదు. అది గరుకు, గీతలు పడతాయి. తడిగానే రుద్దాలి. పాతకాలపు పి.వి.సి.లో సీసం కలిపిన సరుకు ఉండేది. పొడిగా రుద్దితే ఆ దుమ్ము లోపలికి పోతుంది.

4. చిరుగు ఉంటే రంగుకు ముందే బాగుచేయాలి. చిరుగు కింద గుడ్డముక్క దూర్చి, జిగురుతో అంటించాలి. పైన సందు మిగిలితే, వంగే రకం లప్పం సన్నగా పూయాలి. చెక్కకు పెట్టే లప్పం పనికిరాదు. పెళుసెక్కి పెంకులుగా విరిగే రెక్సిన్ కు రంగు వేసి లాభం లేదు. అది మార్చాల్సిందే.

5. పూర్తిగా ఆరనివ్వాలి. రంగు పడకూడని చోట కాగితం, టేపు అంటించాలి.

6. డబ్బాను రెండు నిమిషాలు బాగా ఊపాలి. జానెడు దూరం నుంచి తుంపర కొట్టాలి. చెయ్యి ఒకచోట ఆపకూడదు. మొదటి పూత మంచు పడినట్టు పలచగా ఉండాలి. కింది రంగు కనబడినా ఫరవాలేదు.

7. 15 నిమిషాలాగి రెండో పూత వేయాలి. అలాగే మూడోది, నాలుగోది. ఒకేసారి చిక్కగా కొడితే రంగు కారుతుంది. రెక్సిన్ మీది సన్నగీతలు పూడిపోతాయి. అప్పుడు అది రెక్సిన్ లా కాక ప్లాస్టిక్ రేకులా కనిపిస్తుంది.

8. ముసురు పట్టిన రోజు రంగు వేయకూడదు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే పూత మీద తెల్లగా మబ్బు పడుతుంది.

9. 24 గంటలు ముట్టుకోకూడదు. బాగా గట్టిపడటానికి వారం పట్టవచ్చు. అందాకా కూర్చోకపోతే మంచిది.

డాష్ బోర్డు పైభాగానికి రంగు వేస్తే మెరవని రకమే వేయాలి. మెరిస్తే ఎండ దాని మీద పడి ముందద్దంలో కనబడుతుంది. నడిపేవాళ్ళకు రోడ్డు సరిగా ఆనదు.

కొంగు చాలదు

రంగు డబ్బాలతో పాటు కోడలు ఒక మాస్కు కూడా కొన్నది. రెండు పక్కలా బొగ్గు డబ్బీలు ఉన్న మాస్కు అది.

"దీనికింత డబ్బా! కొంగు కట్టుకుంటే సరిపోదా?" అంది అత్త.

మామ అందుకున్నాడు. "నేను కట్టుకున్న తువ్వాలు ఏమాత్రం ఆపిందో చూస్తున్నావుగా. కొననీ" అన్నాడు.

కొంగు, తువ్వాలు దుమ్మును కొంత ఆపుతాయి. రంగు ఆవిరిని ఆపవు. బొగ్గు డబ్బీల మాస్కు ఆవిరిని పట్టుకుంటుంది. ఆ డబ్బీలకూ గడువు ఉంటుంది. మాస్కు పెట్టుకున్నా వాసన వస్తుంటే వాటిని మార్చాలి. మాస్కు ఉన్నా సరే, గాలి ఆడే చోటే పని చేయాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి. దగ్గరలో పొయ్యి, బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. గర్భిణులు, పసిపిల్లలు ఆ దరికి రాకూడదు. అయిపోయిన డబ్బాకు మేకు కొట్టకూడదు. మంటలో వేయకూడదు. మిగిలిన డబ్బాలను ఎండలో నిలిపిన కారులో వదలకూడదు.

కోడలు షెడ్డు వెనక ఖాళీ జాగాలో రంగు వేసింది. ఆ రోజు మామ మంచాన్ని సందు మొదట్లోకి మార్చారు.

పాత కారు విలువ

అంబాసిడర్ కారును హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ తయారు చేసేది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో దాని ఫ్యాక్టరీ. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్ ఫర్డ్ కారు నమూనాతో ఇది వచ్చింది. 1957లో మొదలై 2014లో ఆగిపోయింది. మంత్రులు, కలెక్టర్లు, డాక్టర్లు, టాక్సీవాళ్ళు అందరూ ఈ కారే ఎక్కిన రోజులు ఉన్నాయి. తయారీ ఆగిన కారుకు అచ్చం అలాంటి రెక్సిన్ దొరకడం కష్టం. అందుకే ఉన్నదాన్ని కాపాడుకోవడం తెలివైన పని.

ఒక మాట గుర్తుంచుకోవాలి. కారు పైరంగు మారిస్తే రవాణా శాఖ ఆఫీసులో చెప్పాలి. ఆర్.సి.లో కొత్త రంగు రాయించాలి. లోపలి సీట్ల రంగుకు ఆ అవసరం లేదు.

పెళ్ళి అయ్యాక

పెళ్ళికి పది రోజుల ముందే కారు ఇంటికి చేరింది. మాస్టారి భార్య వెనక సీటు మీద చెయ్యి వేసి నిమిరింది. చెయ్యి చూసుకుంది. రంగు అంటలేదు. చిరుగు ఎక్కడుండేదో వెతికినా దొరకలేదు.

వేసవి గడిచింది. రంగు లేవలేదు, జిగురు కాలేదు. డ్రైవరు ఎక్కిదిగే అంచు దగ్గర మాత్రం బెత్తెడు మేర అరిగి మెరూన్ కనబడింది. మాస్టారు కారు తెచ్చి చూపించారు.

"రాపిడి ఉన్న చోట అరుగుతుందని ముందే చెప్పాను కదండీ" అని కోడలు అక్కడ శుభ్రం చేసి రెండు పూతలు వేసింది. డబ్బు తీసుకోలేదు.

"పాలిషు మాత్రం పూయించవద్దు మాస్టారూ. తడిగుడ్డతో తుడిస్తే చాలు. కారును నీడలో పెట్టండి."

కోడలు రాసిన కాగితం ఇప్పుడు షెడ్డు గోడకు అంటించి ఉంది. దాని చివర ఒక వరస కొత్తగా చేరింది. "పాలిషు పూశారా అని ముందే అడగాలి." అది మామ చెప్పి రాయించిన వరస.

గుర్తుంచుకోండి

రంగు నిలిచేది శుభ్రం మీద. శుభ్రానికి ఒక రోజు పట్టినా పట్టనివ్వండి.

పలచటి పూతలు నాలుగు వేయండి. చిక్కటి పూత ఒకటి వేయవద్దు.

కనబడని చోట ముందు వేసి చూడండి.

డబ్బా మీద ఏముందో తెలుసుకోకుండా మూత తీయవద్దు. ఇంగ్లీషులో ఉంటే చదివినవాళ్ళను అడిగి తెలుగులో రాసుకోండి.

చెప్పండి

1. వ్యాను సీట్ల మీద రంగు ఎందుకు లేచిపోయింది?
2. కోడలు క్రీము రంగు ఎందుకు వద్దంది? మీరైతే ఏమనేవారు?
3. మామకు తెలిసింది ఏమిటి? డబ్బా మీద చదివి తెలుసుకున్నది ఏమిటి?
4. మీ ఇంట్లో పురుగుమందు, ఫినాయిలు, రంగు డబ్బాలు ఉన్నాయా? వాటి మీద ఏ గుర్తులు ఉన్నాయో చూసి చెప్పండి.

లెక్క వేయండి

1. నాలుగు పూతలు వేయాలి. రెండు పూతల మధ్య 15 నిమిషాలు ఆగాలి. మొత్తం ఎన్ని నిమిషాలు ఆగాలి? జాగ్రత్త, 60 కాదు.
2. ఒక డబ్బా ధర 500 రూపాయలు అనుకుందాం. 6 డబ్బాలు కావాలి. మాస్కుకు 1200, జిడ్డు తీసే మందుకు 400. మొత్తం ఖర్చు ఎంత? దీనికి మీ కూలి ఎంత కలుపుతారు?